ఓవర్‌కి మూడో సాక్షి

ఇంగ్లీషు భాష పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా దాన్ని మాట్లాడేవాళ్లందరూ కలిసి ‘ఓవర్’ అనే మాటని ఎంత వాడారో, మా అమ్మమ్మ ఒక్కతే అంతకు రెండింతలు వాడింది. వాళ్లు ఉత్త నోటితో అన్నారు. మా అమ్మమ్మ ఆ మాట చేత గోడ దూకించింది, పొయ్యి మీద పొంగించింది, దానికి దుప్పటి కప్పింది, బల్ల మీంచి కిందికి తోసింది. ఈ సంగతి ఇంగ్లీషువాళ్లకి ఇంకా చేరలేదు. చేరిన రోజున ఆ మాటని అమ్మమ్మ పేర రాసిచ్చేసి, వాడుకోవలసి వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో నిలబడి అనుమతి అడుగుతారు.

నా మాట నమ్మరని తెలుసు. నా చదువు పదో తరగతిలో మూడుసార్లు ఇరుక్కుని అక్కడే ఆగిపోయింది. మూడుసార్లూ ఇంగ్లీషే. ఖాళీలు పూరించమన్న ప్రశ్నలో, ఇంటి మాట మీద అభిమానంతో, పది ఖాళీల్లోనూ ఓవర్ అనే రాశాను. ఒకటి తగిలింది. అమ్మమ్మ ఆ కాగితం చూసి, “ఏ ఖాళీలో తగిలిందే?” అని ఆత్రంగా అడిగింది కానీ, మిగతా తొమ్మిదింటి సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత నేను పుస్తకాలకి దండం పెట్టి సామాన్ల వ్యాను నడపడం నేర్చుకున్నాను. వ్యానుకి ఓవర్‌లోడు, ఓవర్‌టేకు, ఓవర్‌హీటు అని మూడు జబ్బులు. కాబట్టి అక్కడా నాకు ఆ మాట పీడ తప్పలేదు.

అమ్మమ్మ పంతొమ్మిదో ఏట నిఘంటువు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. గుండీలు, దారాలు అమ్మే కొట్టు పైన మూడో అంతస్తు. లోపల నాలుగు గోడలకీ నేల నుంచి కప్పు దాకా చెక్క సొరుగులు. సొరుగుల నిండా అరచెయ్యంత చీటీలు. వాటి మీద ఇంగ్లీషు మాట ఒకటి, తెలుగు మాట ఒకటి, కింద ఎవరిదో సంతకం. ఆ ఆఫీసులో గట్టిగా తుమ్మాలన్నా కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి తుమ్మేవారట, చీటీలు ఎగిరిపోతాయని.

ఆ నిఘంటువు మొదలుపెట్టిన పెద్దమనిషి ఎప్పుడో పోయాడు. ఆయన రాసిపెట్టిన నియమాల పటం మాత్రం తలుపు పక్కన వేలాడుతూ ఉంటుంది. అందులో ముఖ్యమైన ముక్క ఇది: ఇంగ్లీషు మాటకి ఒక అర్థం రాయాలంటే, దానికి సరిపోయే తెలుగు మాట ముగ్గురి నోట వినపడాలి. ముగ్గురూ ఒకే మాట అనాలి. వాళ్లు బయటివాళ్లు అయివుండాలి, ఇంట్లోవాళ్లు చెల్లరు. అనేటప్పుడు, తమ మాటని రాసుకుంటున్నారని వాళ్లకి తెలియకూడదు. అన్నాక చీటీ మీద సంతకం పెట్టాలి. జాబితాలో ఒకసారి ఎక్కించిన అర్థాన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. ఒక్క అర్థానికి సాక్షి తగ్గినా ఆ మాట మొత్తం అసంపూర్తి కిందే లెక్క. అసంపూర్తి మాటకి పుస్తకంలో రెండు లైన్లు.

మాటలు పంచుకునేటప్పుడు పండితులు పెద్దపెద్దవి ఏరుకున్నారు. పెద్ద మాటలకి అర్థాలు ఒకటో రెండో ఉంటాయి, గౌరవం బోలెడు. చిన్న మాటల జోలికి ఎవరూ పోలేదు. ‘అండర్’ని ఒక గుమాస్తాకి అప్పగిస్తే, ఆయన ‘కింద’ అని ఒక్క ముక్క రాసి, ముగ్గురి చేత సంతకం పెట్టించి, టీ తాగడానికి కిందికి దిగిపోయాడు. ఓవర్ మిగిలింది. “టైపిస్టు గారూ, చేతిలో పని లేనప్పుడు దీన్ని కాస్త చూసి పెట్టండి” అని అమ్మమ్మ బల్ల మీద పెట్టి వెళ్లారు. అప్పటికి ఆమెకి నలభై ఆరు. ఆ మాట ఆ బల్ల మీంచి దిగేసరికి అరవై తొమ్మిది.

మొదటి వారంలోనే అమ్మమ్మ ఒక సంగతి కనిపెట్టింది. “ఓవర్ అంటే ఏమిటండీ?” అని అడిగితే ఎవరైనా ‘మీద’ అంటారు, లేకపోతే ‘అయిపోయింది’ అంటారు, ఆ తర్వాత నోరు మూస్తారు. అడక్కుండా, వాళ్ల కళ్ల ముందు ఒక బంతిని ప్రహరీ మీంచి విసిరితే, “అయ్యో, గోడ అవతల పడిందండీ” అంటారు. ఆ ‘అవతల’ ఎంత బతిమాలినా రాదు, బంతి పడితేనే వస్తుంది. అందుకని అమ్మమ్మ అడగడం మానేసి, చెయ్యడం మొదలుపెట్టింది.

మా ఇంటికీ మా వీధికీ కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మా తాతయ్య కుళాయిల మేస్త్రీ. ఎవరింట్లోనూ చుక్క నీరు కారనివ్వని మనిషి. ఆయన ఒకరోజు మధ్యాహ్నం పని నుంచి ఇంటికి వస్తే, మేడ మీది ట్యాంకు నిండి, మెట్ల మీదుగా నీళ్లు దిగుతున్నాయి. గుమ్మంలో మీటరు చూసే ఆయన తడిసిన చెప్పులతో నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ వంటింటి కిటికీలోంచి ఆయన నోటి వంకే చూస్తోంది.

“ఏమోయ్, కుళాయి కట్టలేదేం?” అన్నాడు తాతయ్య.

“ఉష్. ఆయన ఇంకా ఏమీ అనలేదు.”

“అనేదాకా ఇల్లు తేలాలా?”

ఇంతలో మీటరాయన పైకి చూసి, “అమ్మా, మీ ట్యాంకు పొర్లిపోతోంది!” అన్నాడు. అమ్మమ్మ పరుగున వచ్చి కుళాయి కట్టి, ఆయన చేతిలో చీటీ, కలం పెట్టింది. తాతయ్య ఆ సాయంత్రమంతా మెట్లు తుడిచాడు. ఇప్పటికీ తన స్నేహితులకి చెబుతాడు: “నిఘంటువులో నాది కూడా ఒక మాట ఉంది. నేను దాన్ని గుడ్డతో పిండాను.”

‘టీ తాగుతూ మాట్లాడుకోవడం’ అనే అర్థం కోసం మూడు వారాలపాటు ముక్కూ మొహం తెలియనివాళ్లని పిలిచి టీ పోసింది. ‘దేని కోసమో పోట్లాడుకోవడం’ అనే అర్థం కోసం పక్కింటి అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకే కుర్చీని, “నీకే ఇస్తాలే” అని విడివిడిగా మాటిచ్చింది. వాళ్లు ఆరు నెలలు మాట్లాడుకోలేదు. చీటీలు మాత్రం చక్కగా వచ్చాయి. ‘మళ్లీ మళ్లీ’ కోసం ఒకే అబద్ధాన్ని సెలూన్‌లో పదకొండు రోజులు వరసగా చెప్పింది. మా వీధిలో ఎవరి చేతిలోంచైనా ఏదైనా జారితే, అది నిజంగా జారిందో, ఆ చుట్టుపక్కల అమ్మమ్మ ఉందో ముందు చూసుకునేవారు.

ఇలా ఇరవై మూడేళ్లలో పదిహేడు అర్థాలు తేలాయి. అమ్మమ్మ ఉద్యోగం ముగిసి తొమ్మిదేళ్లయినా, ఆ ఒక్క మాట కోసం రోజు విడిచి రోజు ఆఫీసుకి వెళ్లేది. పదహారింటికి ముగ్గురేసి సాక్షులు కుదిరారు. పదిహేడోది ఇద్దరి దగ్గర ఆగింది.

అప్పుడు కొత్త సంపాదకుడు ప్రూఫుల కట్ట ముందేసుకుని లెక్క చూశాడు. కొత్త అంటే వచ్చి పదేళ్లయింది కానీ, అమ్మమ్మ దృష్టిలో ఇరవై ఏళ్లు దాటనివాళ్లందరూ కొత్తవాళ్లే. ఆయన జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర ఉంటుంది. ఎవరు ఏం రాసుకొచ్చినా ముందు పొడుగు చూస్తాడు, తర్వాత విషయం చూస్తాడు. మా ఇంట్లో ఆయన పేరు కత్తెరాయన.

ఆ సోమవారం అమ్మమ్మని దింపడానికి నేను కూడా మేడెక్కాను. ఆయన అమ్మమ్మ రాసిన కాగితాల్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

“ఒకటిన్నర పేజీ! ఏమండీ టైపిస్టు గారూ, మీద, పైన, అయిపోయింది. మూడు చాలవూ? దేవుడికే అర పేజీ ఇచ్చాం.”

“దేవుడు ఉన్నచోటే ఉంటాడు సార్. ఇది ఇల్లిల్లూ తిరుగుతుంది.”

“సరే, తిరగనివ్వండి. ఈ పదిహేడోదేమిటి?”

“నిలబడున్నది తిరగబడి పడటం.”

“అంటే పడిపోవడమే కదా?”

“పడిపోవడానికి వేరే మాట ఉంది సార్. ఇది బోర్లా పడటం. ఇవిగో, రెండు చీటీలు. రంగు డబ్బా బోర్లా పడిందని రంగుల మేస్త్రీ అన్నాడు. సైకిలు బోర్లా పడిందని పోస్టామె అంది.”

కత్తెరాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. “బోర్లా పడటం పసిపిల్లల పని. డబ్బాకీ సైకిలుకీ అన్నారంటే సరే, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ మీరు మనిషి అని కూడా రాశారు. ఎదిగిన మనిషిని పట్టుకుని బోర్లా పడ్డాడని ఎవరంటారండీ? మూడో చీటీ మనిషి మీద రావాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కట్ట అచ్చుకి పోతుంది. వస్తే ఒకటిన్నర పేజీ. రాకపోతే నియమం మీకు తెలియనిది కాదు. రెండు లైన్లు.”

అమ్మమ్మ కాగితాలు సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. ఆమె అంత నెమ్మదిగా దిగడం నేనెప్పుడూ చూడలేదు. నాకు నవ్వులాట చెయ్యాలనిపించలేదు. అదే మొదటిసారి.

“అమ్మమ్మా, పోనీ రెండు లైన్లే రానియ్యరాదూ? అందులో కూడా నువ్వు రాసిందే ఉంటుంది కదా.”

“పదహారు అర్థాలకి నలభై ఎనిమిది మంది సంతకాలు పెట్టారే. వాళ్లనందర్నీ రెండు లైన్లలో ఎక్కడ కూర్చోబెట్టను?”

మా వీధిలోనే దొరుకుతుందిలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. కారణం సెలూన్ మామ. అంతకు ముందటేడు నిఘంటువు నమూనా పుస్తకం ఒకటి అచ్చయింది. అందులో ‘గోడ అవతల పడింది’ అనే మాట పక్కన ‘సాక్షి: సెలూన్ యజమాని’ అని పడింది. మామ ఆ పేజీకి పటం కట్టించి, రెండు అద్దాల మధ్య వేలాడదీశాడు. గడ్డం గీయించుకునే ప్రతి మనిషికీ మెడ అటు తిప్పి చూపించేవాడు, కత్తి చేతిలోనే ఉంటుంది కాబట్టి ఎవరూ కాదనలేదు. అప్పట్నుంచి వీధి వీధంతా పుస్తకంలోకి ఎక్కాలని తహతహలాడుతోంది. అమ్మమ్మ కనిపిస్తే చాలు, అందరూ గొంతు సవరించుకుంటారు.

మనిషి బోర్లా పడాలి. అమ్మమ్మకి అరవై తొమ్మిది, తాతయ్యకి నడుం నొప్పి. పడే మనిషి ఎవరో మీకీపాటికి తెలిసే ఉంటుంది.

ఆ సాయంత్రమే బేకరీ ముందు కాలికి కాలు తగిలించుకుని పడ్డాను. బాగానే పడ్డాను, అరచేతులు మండాయి. బేకరీ అత్త రొట్టెల పళ్లెం పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, నా పక్కన కాదు, అమ్మమ్మ పక్కన వచ్చి నిలబడింది.

“యువతి ధరాశాయి అయినది,” అంది, ఒక్కో అక్షరం నొక్కి.

సెలూన్ మామ ఎదురు షాపులోంచి సబ్బు నురుగు బ్రష్షుతో పరిగెత్తుకొచ్చాడు. “కాదు పిన్నీ! నేలకొరిగినది అని రాసుకో. ధరాశాయి అంటే రాజులకి.”

“నీకేం తెలుసు రాజుల సంగతి? నువ్వు గీసేవి గడ్డాలు.”

“నా మాట అచ్చులో ఉంది. నీది ఉందా?”

నేను నేల మీదే ఉన్నాను. “అత్తా, కాస్త చెయ్యియ్యి” అన్నాను.

“ఉండవే, ముందు ఇది తేలనీ” అంది అత్త.

అమ్మమ్మ చీటీల కట్ట సంచిలో పెట్టేసింది. తెలిసి అన్న మాట చెల్లదు. మా వీధిలో తెలియనివాళ్లు ఇక లేరు.

మంగళవారం నుంచి వ్యానులో తిరిగాం. నాకు వచ్చిన లోడ్లు వదులుకుని, మమ్మల్ని ఎరగని వీధులు వెతుక్కున్నాం. అమ్మమ్మ ముందు సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, జనం గుంపుగా కనిపించినచోటల్లా, “ఇక్కడ పడు” అనేది, బస్సు ఎక్కడాపాలో కండక్టరుకి చెప్పినంత మామూలుగా.

బస్‌స్టాండులో పడ్డాను. ఒకాయన, “ఫోన్లు చూసుకుంటూ నడిస్తే అంతే మరి” అన్నాడు. నా ఫోను వ్యానులో ఉంది. ఇంకొకాయన ఒక బూతుమాట అన్నాడు. అమ్మమ్మ కలం తీసి, ఒక క్షణం ఆలోచించి, మూత పెట్టేసింది.

గాజుసామాన్ల కొట్టు ముందు పడ్డాను. యజమాని నన్ను చూడలేదు, తన అల్మరా వంక చూసుకుని, “హమ్మయ్య” అన్నాడు.

ఆసుపత్రిలో, రోగులు కూర్చునే హాల్లో పడ్డాను. ఆ పొరపాటు ఎవరూ చెయ్యకండి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇద్దరు వచ్చి, నన్ను ఎత్తి, చక్రాల బల్ల మీద పడుకోబెట్టి లోపలికి తోసుకుపోయారు. నర్సు నా చేతికి పట్టీ చుట్టి ఊదుతుంటే అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, “ఏమైనా అన్నారా?” అని సైగ చేసింది. “బీపీ బాగుంది అన్నారు” అన్నాను. ఆ రోజు చీటీ ఇప్పటికీ ఉంది: ‘మాట లేదు. బీపీ బాగుంది.’

గురువారం కూరగాయల మార్కెట్టులో ఒక ముసలాయన నన్ను చూసి, “భలే పల్టీ కొట్టిందే పిల్ల!” అన్నాడు. అమ్మమ్మ ముఖం విచ్చుకుంది. “పల్టీ! ఎంత బాగుందే!” అని చీటీ రాసుకుని, ఆయన చేత సంతకం పెట్టించి, ఆయనతో పది నిమిషాలు ఆ మాట గురించి కబుర్లాడింది. వ్యాను ఎక్కాక గుర్తొచ్చింది, కావలసింది పల్టీ కాదని. నాకు మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆమెకి కొత్త మాట దొరికింది. పంపకం సమానంగా లేదన్నాను.

“రేపు ఒక్కరోజే ఉందే,” అంది. సంచిలోంచి ఆ రెండు చీటీలు తీసి, ముడతలు సాపు చేసి, మళ్లీ లోపల పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున్నుంచి నాలుగు చోట్ల పడ్డాను. ఏమీ లేదు. ఒక కుక్క మాత్రం అరిచింది. నాలుగున్నరకి అమ్మమ్మ, “చాలు. ఆఫీసుకి పోనీ. రెండు చీటీలైనా ఇచ్చి, అడిగి చూస్తాను” అంది. మా వీధి మీదుగా వెళ్తుంటే సెలూన్ మామా బేకరీ అత్తా చెయ్యెత్తి వ్యాను ఆపారు. షాపులకి షట్టర్లు దింపేసి మరీ నిలబడ్డారు.

“ఇవాళ ఆఖరి రోజటగా పిన్నీ. మేమూ వస్తాం. నలుగురం చెబితే ఆ సారు వింటాడు,” అన్నాడు మామ.

“మీరు నోరు విప్పకుండా ఉంటే రండి,” అంది అమ్మమ్మ. ఇద్దరూ వ్యాను వెనక ఎక్కి, ఖాళీ అట్టపెట్టెల మధ్య కూర్చున్నారు.

మూడో అంతస్తుకి ఎక్కేసరికి ఐదుకి పదిహేను నిమిషాలు. వరండా అప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచారు, నేల మెరుస్తోంది. మధ్యలో నీళ్ల బకెట్టు. అమ్మమ్మ తన సొరుగు తెచ్చుకుంటానని లోపలికి వెళ్లింది. నలభై ఎనిమిది సంతకాలున్న చీటీలు, సంచిలోంచి తీసి పెట్టిన ఆ రెండింటితో కలిపి యాభై, అన్నీ ఆ చెక్క సొరుగులోనే. దాన్ని రెండు చేతులా పొట్టకి ఆనించుకుని, గడ్డం దాని మీద పెట్టి, కత్తెరాయన గది వైపు నడిచింది. సొరుగు అడ్డం. కాళ్ల ముందు ఏముందో కనపడదు.

బకెట్టు తగిలింది.

బకెట్టు ఒక పక్కకి దొర్లింది, సొరుగు ఇంకో పక్కకి పోయింది, అమ్మమ్మ వాటి మధ్యలో ముందుకి తూలి, మొహం నేలకేసి పడింది. యాభై చీటీలు వరండా అంతటా ఎగిరి, ఒకటొకటే తడి నేల మీద వాలాయి.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మా ముగ్గురిలో ఒక్కరం కూడా కదల్లేదు. అమ్మమ్మ కావాలనే పడిందనుకున్నాం! ఇరవై మూడేళ్లు మా కళ్ల ముందు ఆమె చేసింది అదే కదా. సెలూన్ మామ చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి, “వృద్ధ వనిత నేలకొరిగెను!” అని గట్టిగా చెప్పాడు. అత్త వెంటనే, “జనని ధరాశాయి అయ్యెను!” అంది. నేను? నేను చెవి మీద పెన్సిలు తీసి, జేబులో చీటీ వెతుక్కుంటున్నాను. ఇంత సహజంగా ఎలా పడిందబ్బా, వారంరోజులు నేనెందుకు ఇలా పడలేకపోయాను అని మెచ్చుకుంటున్నాను కూడా.

చప్పుడుకి కత్తెరాయన గదిలోంచి దూసుకొచ్చాడు. కళ్లజోడు నుదుటి మీద, ఒక కాలికి చెప్పు లేదు.

“అయ్యయ్యో! ఏం చూస్తున్నారయ్యా దిష్టిబొమ్మల్లాగా! ఆవిడ బోర్లా పడింది! పట్టుకోండి, లేపండి!”

బకెట్టు కూడా దొర్లడం మానేసింది.

నేల మీంచి అమ్మమ్మ చెయ్యి ఒకటి పైకి లేచింది. చెంప గచ్చుకి ఆనించుకునే, “ఎవరే ఆ మాటన్నది?” అని అడిగింది.

“పెద్దసారే, అమ్మమ్మా.”

“చీటీ తియ్.”

కత్తెరాయన ఆమె భుజాలు పట్టుకుని లేపబోతున్నాడు. “ముందు లేవండమ్మా, దెబ్బ తగిలిందేమో...”

“ముందు సంతకం పెట్టండి సార్. లేస్తే మర్చిపోతారు.”

“ఏం సంతకం?”

“మనిషిని పట్టుకుని అన్నారు. ఎదిగిన మనిషిని. తెలియకుండా అన్నారు.”

ఆయన నా వంక చూశాడు. నేను చీటీ, పెన్సిలు చాపి పట్టుకున్నాను. ఆయన అమ్మమ్మని గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఒంటి చెప్పుతో నడుచుకుంటూ తలుపు పక్కన పటం దగ్గరికి వెళ్లాడు. కళ్లజోడు కిందికి దించుకుని, పై నుంచి కింద దాకా చదివాడు. ఇంట్లోవాళ్లు చెల్లరని ఉంది. సంపాదకులు చెల్లరని ఎక్కడా లేదు. ఇంకోసారి చదివాడు. తర్వాత పటం వెనక కూడా చూశాడు.

“పెన్సిలుతో చెల్లదు. కలం తెండి,” అన్నాడు చివరికి.

ఆయన సంతకం పెట్టేసరికి ఐదుకి నాలుగు నిమిషాలు. వృత్తి అనే చోట ‘సంపాదకుడు’ అని రాసి, ఒక్క క్షణం ఆగి, అక్షరాలు ఒద్దికగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. తర్వాత తనే మోకాళ్ల మీద కూర్చుని తడిసిన చీటీలు ఏరడం మొదలుపెట్టాడు. మామా, అత్తా, నేనూ కూడా వంగాం. యాభై ఏరాక అమ్మమ్మ లెక్కపెట్టి, కొత్తదాన్ని పైన పెట్టింది. కట్ట అచ్చుకి పోయింది. అప్పుడు గానీ ఆమె కాలి మడమ దిబ్బరొట్టెలా వాచిందని ఎవరూ చూడలేదు.

మెట్ల మీంచి ఆమెని కుర్చీతో సహా దించాం. ముందు నేనూ సెలూన్ మామా, వెనక కత్తెరాయన. రెండో అంతస్తు మలుపులో మామ, “సార్, నేను కూడా అన్నాను కదా, నేలకొరిగెను అని. అది రాయరా?” అన్నాడు.

“కుర్చీ సరిగ్గా పట్టుకోవయ్యా,” అన్నాడు కత్తెరాయన.

అమ్మమ్మ ఆరు వారాలు మంచం దిగలేదు. పుస్తకం ఐదు నెలలకి వచ్చింది. కత్తెరాయన ఆ పుస్తకాన్ని తనే మోసుకుని మా ఇంటికి తెచ్చాడు, దాని బరువుకి చెమట పట్టింది. అమ్మమ్మ భూతద్దం పెట్టుకుని ఒకటిన్నర పేజీ అక్షరం వదలకుండా చదివింది. గంట పట్టింది. ఆయన టీ చల్లార్చుకుంటూ, పరీక్ష రాసిన పిల్లాడిలా కూర్చున్నాడు. పదిహేడో అర్థం దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. తర్వాత పుస్తకం మూసి, “ఒక్క అచ్చుతప్పు కూడా లేదు సార్” అంది. ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

“రెండో ముద్రణకి ‘అప్’ అనే మాట ఉందండీ,” అన్నాడు మెల్లగా. “ఎవరూ ముట్టుకోవడం లేదు. మీరు కాస్త చూస్తారేమోనని...”

స్నానాలగదిలో కుళాయి బిగిస్తున్న తాతయ్య అక్కణ్నుంచే కేకేశాడు: “వద్దు బాబూ, వద్దు! ఈవిడ మేడ కప్పెక్కుతుంది!”

ఇదంతా జరిగి ఏడాది దాటింది. కానీ మా వీధిలో ఒక వాదన ఇంకా తెగలేదు. బకెట్టు నిజంగా కనపడలేదా, కనపడే తగిలించుకుందా? నిజంగానే పడిందని బేకరీ అత్త ఒట్టేస్తుంది, మడమ చూశాను కదా అంటుంది. సెలూన్ మామ మాత్రం, పిన్ని కత్తెరాయన గది తలుపు తెరిచి ఉందో లేదో చూసుకున్నాకే నడక మొదలుపెట్టింది, అద్దంలో చూసినంత స్పష్టంగా చూశాను అంటాడు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ఇది రాస్తున్నాను కదా, తప్పు రాయకూడదని నిన్న పొద్దున అమ్మమ్మ పక్కన చేరి, కాళ్లు పడుతూ, ముద్దుముద్దుగా అడిగాను.

“అమ్మమ్మా, నిజం చెప్పు, ఎవరికీ చెప్పను. ఆ రోజు నువ్వు పడ్డావా, పడేసుకున్నావా?”

అమ్మమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

“నీకెందుకే? మాట దొరికింది కదా, పో.”